ప్రశ్నలు – జవాబులు: పద్మనాభ యుద్ధం నాటి బ్రిటిష్ పార్లమెంటు

పద్మనాభ యుద్ధం మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో ఎక్కువ భాగం యుద్ధాన్ని గురించి కాక, ఆ యుద్ధం చేసిన ఈస్టిండియా కుంఫిణీకి వెనుక దన్నుగా నిలిచిన లండను ప్రభుత్వాన్ని గురించి ఉన్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ఆ వ్యాసం చూడనివారి కోసం ఒక్క మాట: 1794 జూలై 10న, విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ ఉన్న పద్మనాభం దగ్గర, పేష్కష్ (కుంఫిణీకి జమీందారు కట్టవలసిన కప్పం) బకాయిల తగాదా ముదిరి, కల్నల్ ప్రెండర్‌గాస్ట్ నడిపిన కుంఫిణీ సైన్యంతో జరిగిన పోరులో విజయనగరం రాజు చిన విజయరామరాజు, ఆయన వెంట ఉన్న సర్దారులలో అనేకులు మరణించారు.

ప్రశ్న: ఆ రోజులకే ఇంగ్లండులో ఎన్నికైన పార్లమెంటు ఉన్నదంటారు. దాన్ని ప్రజాస్వామ్యం అనవచ్చునా? ఓటు ఎవరికి ఉండేది? స్త్రీలకు ఉండేదా?
— చరిత్ర విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: ఎన్నికలు ఉన్న మాట నిజం. 1716 నాటి చట్టం ప్రకారం ఏడేళ్ళకు మించకుండా సార్వత్రిక ఎన్నికలు జరగాలి. 1780, 1784, 1790, 1796లలో జరిగాయి కూడా. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో మొత్తం 558 మంది. వారిలో ఇంగ్లండు నుంచి 489 మంది, వేల్సు నుంచి 24 మంది, స్కాట్లండు నుంచి 45 మంది. ఐర్లండుకు 1801 వరకు వేరే పార్లమెంటు ఉండేది. అయితే ఓటు హక్కు ఆస్తిని పట్టి వచ్చేదే కాని మనిషిని పట్టి కాదు. కౌంటీలలో, అంటే మన జిల్లాల వంటి ప్రాంతాలలో, ఏటా 40 షిల్లింగుల ఆదాయం వచ్చే సొంత భూమి ఉన్నవాడికే ఓటు. ఆ నియమం 1430 నాటిది. మూడున్నర శతాబ్దాలు దాన్ని ఎవరూ కదపలేదు. బరోలు అనే పట్టణ నియోజకవర్గాలలోనైతే ఊరికొక పద్ధతి. ఒకచోట స్థానిక పన్ను కట్టే ప్రతి ఇంటి యజమానికీ ఓటు, మరొకచోట పట్టణ సంఘంలో కూర్చునే పదీ పన్నెండు మందికే ఓటు, ఇంకొకచోట కొన్ని నిర్ణీత స్థలాలు ఎవరి పేర ఉంటే వారికే ఓటు. సొంత పొయ్యి మీద కుండ పెట్టుకునే ప్రతి మగవాడికీ ఓటు ఇచ్చిన ఊళ్ళు కూడా కొన్ని లేకపోలేదు. ఇంగ్లండు, వేల్సు కలిపి సుమారు 75 లక్షల జనాభా ఉన్న 1780 ప్రాంతంలో ఓటర్లు రెండు లక్షల పైచిలుకు మాత్రమే. స్కాట్లండు మొత్తం మీద నాలుగైదు వేలకు మించరు.

ఓటు రహస్యం కాదు. ఓటరు వేదిక ఎక్కి, తన పేరు, తన ఆస్తి, తాను ఎవరికి ఓటు వేస్తున్నదీ నలుగురూ వినేటట్టు చెప్పాలి. గుమాస్తా దాన్ని పుస్తకంలోకి ఎక్కిస్తాడు. కొన్నిచోట్ల ఆ పుస్తకాలను తరువాత అచ్చు వేసి అమ్మేవారు. తన భూస్వామికి వ్యతిరేకంగా ఓటు వేసిన కౌలుదారు పేరు ఆ భూస్వామి బల్ల మీదికే వచ్చేదన్నమాట. రహస్య ఓటు 1872లో గాని రాలేదు. ఇక సభ్యుడిగా నిలబడాలంటే కౌంటీకి ఏటా 600 పౌండ్లు, బరోకు 300 పౌండ్లు భూమి మీద ఆదాయం చూపించాలని 1711 నాటి చట్టం. సభ్యులకు జీతం లేదు. రోమన్ కాథలిక్కులకు సభలో చోటే లేదు.

స్త్రీలకు ఓటు ఉండేది కాదు. ఆ కాలంలో అది శాసనంలో రాసిపెట్టిన నిషేధం కాదు, ఆచారం. 1832 చట్టమే ‘పురుషుడు’ అని స్పష్టంగా రాసి దాన్ని శాసనం చేసింది. 1784లో వెస్ట్‌మినిస్టర్ నియోజకవర్గంలో చార్లెస్ జేమ్స్ ఫాక్స్ తరఫున డెవన్‌షైర్ డచెస్ జార్జియానా వీధి వీధికీ తిరిగి ఓట్లు అడిగింది. పత్రికలు ఆమెను వ్యంగ్య చిత్రాలతో చీల్చి చెండాడాయి. తాను మాత్రం ఓటు వేయలేదు. ఇందులో మనవారికి ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటి ఉంది. ఈస్టిండియా కుంఫిణీ వాటాదారుల సభలో స్త్రీలకు ఓటు ఉంది. 1773 తరువాత వెయ్యి పౌండ్ల వాటా ఉన్నవారు, మగవారైనా ఆడవారైనా, కుంఫిణీ డైరెక్టర్ల ఎన్నికలో పాల్గొనవచ్చు. వాటా పదివేల పౌండ్లయితే నాలుగు ఓట్లు. తన దేశపు పార్లమెంటుకు ఓటు వేయలేని ఒక లండను వితంతువు, శ్రీకాకుళం సర్కారును ఏలే డైరెక్టర్లు ఎవరో తేల్చగలిగేది.

కనుక దాన్ని ప్రజాస్వామ్యం అనడానికి నాకు మనసొప్పదు. ఆనాటి పార్లమెంటు పెద్దలు కూడా అలా చెప్పుకోలేదు. రాజు, ప్రభువులు, సామాన్యులు ఒకరినొకరు అదుపులో పెట్టుకోవడమే తమ రాజ్యాంగపు గొప్ప అని చెప్పుకునేవారు. అలాగని నిరంకుశ ప్రభుత్వమనీ అనలేము. ఎందుకో మూడవ జవాబు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: ఊరే లేనిచోటు నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారని కోచింగులో చెప్పారు. నమ్మబుద్ధి కావడం లేదు. అలాంటివి రద్దు చేయక ఎందుకు ఉంచుకున్నారు?
— పోటీ పరీక్షల అభ్యర్థి, రాజాం

జవాబు: నమ్మవలసిందే. ఆ చోటు పేరు ఓల్డ్ సారం, సాలిస్‌బరీ పట్టణానికి దగ్గర్లో ఒక దిబ్బ. మధ్యయుగంలో కోట, చర్చి ఉండేవి. జనం కింది మైదానానికి దిగిపోయాక గడ్డి, గొర్రెలు మిగిలాయి. ఓటు మాత్రం పాత ఇళ్ళ స్థలాలకు అంటిపెట్టుకొని ఉంది. ఏడుగురు ఓటర్లు, వారిని నియమించేది ఆ స్థలాల యజమాని. మన సాలిహుండం కొండ మీది శిథిలాల మధ్య నిలబడి ఏడుగురు చేతులెత్తి ఢిల్లీకి ఇద్దరు ఎం.పీ.లను పంపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తూర్పు తీరంలోని డన్విచ్ అనే రేవు చాలా భాగం సముద్రంలో కలిసిపోయింది. దానికీ ఇద్దరు సభ్యులు. మరోవైపు మగ్గాలతో, కొలుములతో హోరెత్తుతున్న మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, లీడ్స్, షెఫీల్డ్ పట్టణాలకు తమకంటూ ఒక్క సభ్యుడు కూడా లేడు. కార్న్‌వాల్ అనే ఒక్క కౌంటీకి, దాని బరోలతో కలిపి 44 మంది సభ్యులుంటే, స్కాట్లండు దేశం మొత్తానికి 45 మంది.

ఓల్డ్ సారంకు తెలుగు నేలతో ఒక చుట్టరికం ఉంది. దాన్ని కొన్న థామస్ పిట్ 1698 నుంచి 1709 వరకు మద్రాసు కోటకు గవర్నరు. కృష్ణా తీరపు గనులలో దొరికిన పెద్ద వజ్రం ఒకటి అక్కడ ఉన్నప్పుడే అతని చేతికి వచ్చింది. 1717లో దాన్ని ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మి భారీగా గడించాడు. ఓల్డ్ సారంను అతడు వజ్రానికి ముందే కొన్నాడు కనుక వజ్రం డబ్బుతో సీటు కొన్నాడని చెప్పడం తప్పు; కాని ఆ వంశం ఇంగ్లండులో పాతుకుపోవడానికి ఆ వజ్రం ఆసరా అయింది. మనుమడు పెద్ద విలియం పిట్ 1735లో ఓల్డ్ సారం నుంచే సభలో అడుగుపెట్టాడు. ముని మనుమడు చిన్న విలియం పిట్ పద్మనాభ యుద్ధం నాటి ప్రధానమంత్రి. అతడు కూడా 1781లో తొలిసారి సభకు వచ్చింది సర్ జేమ్స్ లోథర్ అనే భూస్వామి చేతిలో ఉన్న ఆపిల్‌బీ బరో నుంచి.

రద్దు ఎందుకు చేయలేదన్న మీ ప్రశ్నకు ఇందులోనే జవాబుంది. బరో అంటే ఇంటి ఆస్తి. తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది, అప్పులపాలైతే అమ్ముకునేది. ఈ సంగతి పిట్‌కు తెలుసు. అందుకే 1785లో తానే ప్రతిపాదించిన సంస్కరణ బిల్లులో 36 పాడుబడ్డ బరోలను లాక్కోమనలేదు. యజమానులకు పది లక్షల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చి కొనేద్దామన్నాడు. ప్రధానమంత్రి స్వయంగా తెచ్చిన ఆ బిల్లు ప్రవేశదశలోనే 248–174 తేడాతో వీగిపోయింది. తాము కూర్చున్న కొమ్మను నరుకుకోవడానికి సభ్యులు ఒప్పుకోలేదు.

పరీక్షలో రాయడానికి ఒక అంకె కావాలంటే ఇది గుర్తుంచుకోండి: 1793లో చార్లెస్ గ్రే సభ ముందుంచిన విన్నపంలో, 154 మంది పెద్దలు కలిసి 307 మంది సభ్యులను పంపుతున్నారని లెక్క కట్టారు. 558 మందిలో అది సగానికి పైమాటే. విన్నపం రాసినవారు సంస్కరణవాదులు కనుక కొంత పెంచి చెప్పారనుకున్నా, ఆ లెక్క మొత్తం తప్పని సభలో ఎవరూ నిరూపించలేదు.

ప్రశ్న: విజయనగరం వ్యవహారం లండను పార్లమెంటు దాకా వెళ్ళిందా, లేక అంతా మద్రాసులోనే తేలిపోయిందా? వెళితే వారు చేసిందేమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: వెళ్ళింది మాస్టారూ. యుద్ధానికి పన్నెండేళ్ళ ముందే వెళ్ళింది. ఆ కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అప్పటి పార్లమెంటులోని మంచీ చెడూ రెండూ అందులోనే కనిపిస్తాయి.

బొబ్బిలి యుద్ధం ముగిసిన వెంటనే పెద విజయరామరాజు హతుడైన తరువాత ఆనందగజపతి, ఆయన తరువాత దత్తుడిగా చిన విజయరామరాజు గద్దెకు వచ్చిన సంగతి మీకు తెలుసు. రాజు బాలుడు కావడంతో సవతి అన్న సీతారామరాజు దివానుగా పెత్తనమంతా చేతిలోకి తీసుకున్నాడు. పెద్దవాడైన రాజు ఆ పెత్తనాన్ని వదిలించుకోవాలని చూశాడు. ఉత్తర సర్కారులలోని జమీందారుల స్థితిగతులను ఊరూరా తిరిగి విచారించి శిస్తు నిర్ణయించాలని డైరెక్టర్లు ఒక సర్క్యూట్ కమిటీని వేశారు. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డ్ ఆ కమిటీని రద్దు చేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మని తాఖీదులు పంపాడు. ఇంత దూరం, ఇంత ఖర్చుతో రావడం తమ వల్ల కాదని జమీందారులు మొర పెట్టుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, రాజుకు ఇష్టం లేకపోయినా సీతారామరాజునే మళ్ళీ దివానుగా నిలబెట్టారు. దీని వెనుక ముడుపులు ఉన్నాయన్న మాట లండను దాకా పాకింది. మద్రాసులో రెండేళ్ళు గవర్నరుగిరీ వెలగబెట్టిన రంబోల్డ్ ఇంగ్లండుకు లక్ష పౌండ్లకు పైగా తరలించాడన్న లెక్కలు కూడా బయటికి వచ్చాయి.

1781 జనవరిలో డైరెక్టర్లు రంబోల్డ్‌ను కొలువు నుంచి తీసివేశారు. అదే ఏడాది, హైదరాలీ కర్ణాటకం మీద విరుచుకుపడడానికి కారణాలు తేల్చడానికి కామన్స్ సభ హెన్రీ డుండాస్ అనే సభ్యుడి అధ్యక్షతన ఒక రహస్య సంఘాన్ని నియమించింది. ఆ సంఘం మద్రాసు ప్రభుత్వపు కాగితాలన్నీ తెప్పించి చదివింది. సర్క్యూట్ కమిటీ రద్దు, విజయనగరం దివానుగిరీ, జమీందారులను మద్రాసుకు రప్పించడం, అన్నీ ఆ నివేదికలలోకి ఎక్కాయి. 1782లో డుండాస్ రంబోల్డ్‌ను శిక్షించడానికి ప్రత్యేక బిల్లు ప్రవేశపెట్టాడు. విజయనగరం పేరు కామన్స్ సభలో నేరారోపణ పత్రంలో వినిపించింది. ఆ కాలంలో ఒక మాజీ గవర్నరు మీద ఇలాంటి బహిరంగ విచారణ అరుదు. ఈ ఒక్క విషయంలో ఆ సభకు దక్కవలసిన గౌరవం దక్కాలి.

ఇక రెండో వైపు. ముద్దాయి రంబోల్డ్ ఆ సభలోనే సభ్యుడు! అతని ఎన్నికల చరిత్ర మహా రంజుగా ఉంటుంది. 1770లో బెంగాలు సొమ్ముతో న్యూ షోర్‌హామ్ ఉప ఎన్నికలో దిగాడు. ఆ ఊళ్ళో ఓటర్లలో చాలామంది ధర్మకార్యాల పేరుతో ‘క్రిస్టియన్ సొసైటీ’ అని ఒకటి పెట్టుకొని, ఎక్కువ ఇచ్చినవాడికి సీటు అమ్మేవారు. ఆ గుట్టు బయటపడి 1771లో పార్లమెంటు ఆ సొసైటీ సభ్యుల ఓటు హక్కునే తీసివేసింది. రంబోల్డ్ సీటుకు మాత్రం భంగం రాలేదు. తరువాత 1774లో షాఫ్ట్స్‌బరీ. అక్కడ రంబోల్డ్, అతనిలాగే బెంగాలు నుంచి గడించి వచ్చిన ఫ్రాన్సిస్ సైక్స్ కలిసి నిలబడ్డారు. ఓటరును ఒక గది దగ్గరికి తీసుకువెళ్ళేవారు. తలుపుకు ఒక కన్నం. లోపల పంచ్ అనే బొమ్మలాట విదూషకుడి వేషం కట్టుకున్న మనిషి ఆ కన్నంలోంచి ఇరవై గినీల పొట్లం అందించేవాడు. ఇరవై గినీలంటే 21 పౌండ్లు. పుచ్చుకున్నవాడు పక్క గదికి వెళ్ళి, గ్లెన్‌బకెట్ అనే లేని మనిషి పేర అప్పు తీసుకున్నట్టు నోటు మీద సంతకం చేయాలి. లంచం ఇచ్చిందెవరు అని రేపు ఎవరైనా ప్రమాణం చేయించి అడిగినా, ముసుగు మనిషిని గుర్తుపట్టలేదు పొమ్మనడానికి వీలుగా చేసిన ఏర్పాటు అది. ఓడిన అభ్యర్థి ఫిర్యాదు చేస్తే 1775లో విచారణ సంఘం ఇద్దరి ఎన్నికనూ కొట్టివేసింది. షాఫ్ట్స్‌బరీ ఓటు హక్కును రద్దు చేస్తామన్నారు, చేయలేదు. రంబోల్డ్ మూడేళ్ళకు మద్రాసు గవర్నరయ్యాడు.

తన మీద శిక్షా బిల్లు నడుస్తున్న కాలంలో అతడు వైట్ దీవిలోని యార్మౌత్ బరోకు ప్రతినిధి. అక్కడ పట్టణ సంఘంలోని పిడికెడు మందిదే ఓటు. బిల్లు మీద వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి, మంత్రివర్గాలు మారాయి, సభ్యులకు ఆసక్తి సన్నగిల్లింది, 1783 చివరికి బిల్లు దానంతటదే అటకెక్కింది. నేరం రుజువు కాలేదు కనుక అతడు ముడుపులు తిన్నాడని ఇవాళ నేను తీర్పు చెప్పలేను. అతని పక్షాన వాదించినవారు కూడా ఉన్నారు. కాని న్యాయం తేల్చవలసిన సభలో ముద్దాయి డబ్బు పెట్టి తెచ్చుకున్న సీటులో కూర్చున్నాడన్నదీ, ఆ తరువాత వేమౌత్ నుంచి మరోసారి ఎన్నికై 1790 దాకా హాయిగా కొనసాగాడన్నదీ రికార్డు చెప్పే నిజాలు.

ఒక్క ఫలితం మిగిలింది. 1784 నాటి పిట్ ఇండియా చట్టంలో, రాజులు, జమీందారులు, పాలెగాండ్రు అన్యాయంగా భూములు పోగొట్టుకున్నారనీ, వారిమీద భరించలేని కప్పాలు పడ్డాయనీ ఫిర్యాదులు వస్తున్నాయని చెప్పి, వాటిని విచారించి శాశ్వత నియమాలు ఏర్పరచాలని ఒక సెక్షన్ పెట్టారు. పదేళ్ళ తరువాత, అదే పిట్ ప్రధానిగా, అదే డుండాస్ కుంఫిణీ మీది కంట్రోల్ బోర్డుకు అధ్యక్షుడిగా ఉండగా, పద్మనాభం జరిగింది. లండను నుంచి ప్రత్యేకంగా ఆజ్ఞ వచ్చి జరిగిందా అంటే, ఓడ మీద ఉత్తరం చేరడానికి ఐదారు నెలలు పట్టే రోజుల్లో అలాంటి నిర్ణయాలు గవర్నరు సర్ చార్లెస్ ఓక్లీ కొలువులోనే, మద్రాసులోనే జరిగేవి. లండనుకు కబురు వెళ్ళేసరికి రాజు లేడు.

ప్రశ్న: మూడవ జార్జి నామమాత్రపు రాజా, లేక మంత్రులను తీసివేసే అధికారం ఉన్నవాడా? సభలో మెజారిటీ ఉన్న మంత్రివర్గాన్ని కూడా తొలగించగలడా?
— న్యాయవాది, నరసన్నపేట

జవాబు: తొలగించగలడు, తొలగించాడు కూడా. అదీ మన దేశపు బిల్లు మీదే.

1783లో ఫాక్స్, లార్డ్ నార్త్ కలిసి నడిపిన సంకీర్ణ ప్రభుత్వం కుంఫిణీ పాలనను డైరెక్టర్ల చేతి నుంచి తప్పించి, ఏడుగురు కమిషనర్లకు నాలుగేళ్ళపాటు అప్పగించే బిల్లు తెచ్చింది. ఆ ఏడుగురినీ పార్లమెంటే నియమిస్తుందన్నారు. నియమించినవారంతా ఫాక్స్ మనుషులే. ఇండియాలోని ఉద్యోగాలన్నీ పంచిపెట్టే అధికారం చేతికి వస్తే ఫాక్స్ ఇక గద్దె దిగడని గగ్గోలు పుట్టింది. ఫాక్స్ తురకవేషం వేసుకుని, నార్త్ ముఖం పెట్టిన ఏనుగునెక్కి లెడెన్‌హాల్ వీధిలోని కుంఫిణీ కచేరీకి ఊరేగుతున్నట్టు ఒక వ్యంగ్య చిత్రం వచ్చి బాగా అమ్ముడుపోయింది. బిల్లు కామన్స్ సభలో సులువుగా నెగ్గింది. అప్పుడు రాజు ఎర్ల్ టెంపుల్ ద్వారా ప్రభువుల సభకు ఒక మాట పంపాడు: ఈ బిల్లుకు ఓటు వేసినవాడిని తన శత్రువుగా చూస్తానని. డిసెంబరు 17న ప్రభువుల సభ 95–76తో బిల్లును తోసిపుచ్చింది. మర్నాటి రాత్రికల్లా మంత్రులను తమ అధికార ముద్రలు తిరిగి పంపమన్నారు, అంటే పదవులు వదలమన్నారు. 19న పిట్ ప్రధాని అయ్యాడు, వయస్సు 24.

న్యాయవాది గనుక మీకు ఆసక్తి కలిగించే భాగం ఆ తరువాతిది. పిట్‌కు కామన్స్ సభలో మెజారిటీ లేదు. జనవరి నుంచి మార్చి దాకా ఓటు తరువాత ఓటు ఓడిపోతూ కూడా రాజీనామా చేయలేదు. ఎదుటి పక్షం ఆధిక్యం కరిగి కరిగి మార్చి 8న ఒక్క ఓటుకు వచ్చింది. అప్పుడు రాజు సభను రద్దు చేసి ఎన్నికలు పెట్టించాడు. పిట్ ఘనంగా గెలిచాడు. ప్రజాభిప్రాయం అతని వైపు ఉన్న మాట నిజమే. కాని ఖజానా కార్యదర్శిగా పనిచేసిన జాన్ రాబిన్సన్ ఏ సీటు ఎవరిది, ఏ పెద్దమనిషికి ఏమిస్తే ఎన్ని సీట్లు వస్తాయి అని ముందే పట్టిక రాసిపెట్టుకున్నాడు. రాజు నియమించిన మంత్రివర్గం జరిపించిన ఎన్నికలలో ఆ మంత్రివర్గం ఓడిపోవడమన్నది ఆ శతాబ్దంలో దాదాపు లేదు. ఈ కాలంలో ఎన్నిక ప్రభుత్వాన్ని తయారుచేస్తుంది. అప్పట్లో ప్రభుత్వమే ఎన్నికను తయారుచేసేది.

అలాగని రాజుది ఇష్టారాజ్యం కాదు. పన్నులు, సైన్యం ఖర్చు ఏటేటా పార్లమెంటు మంజూరు చేయాలి. పార్లమెంటు ఆమోదించిన బిల్లును రాజు తిరస్కరించడం 1708 తరువాత లేదు. అందుకే అతడు బిల్లును ప్రభువుల సభలోనే చంపించవలసి వచ్చింది. రాజు చేతిలోని బలం చట్టంలో కంటే ఉద్యోగాలలో, పింఛన్లలో, బిరుదులలో ఉండేది. 1780 ఏప్రిల్‌లో జాన్ డన్నింగ్ అనే సభ్యుడు, అతడూ మీ వృత్తివాడే, రాజు పలుకుబడి పెరిగింది, పెరుగుతోంది, దాన్ని తగ్గించాలి అని తీర్మానం పెడితే 233–215తో నెగ్గింది. 1782లో కస్టమ్స్, ఎక్సైజు ఉద్యోగుల ఓటు హక్కు తీసివేసిన చట్టం, ఎడ్మండ్ బర్క్ తెచ్చిన కొలువుల కోత చట్టం ఆ ఊపులో వచ్చినవే.

ప్రశ్న: మాలాంటి చేతిపనివారికి ఓటు కావాలని అక్కడ ఎవరూ అడగలేదా?
— చేనేత కార్మికుడు, పొందూరు

జవాబు: అడిగారు. అడిగినవాడు ఒక చెప్పులు కుట్టే మనిషి. థామస్ హార్డీ అనే స్కాట్లండువాడు లండనులో చిన్న దుకాణం పెట్టుకొని బతికేవాడు. 1792 జనవరిలో కొద్దిమంది మిత్రులతో ‘లండన్ కరస్పాండింగ్ సొసైటీ’ ప్రారంభించాడు. వారానికి ఒక పెన్నీ చందా. చెప్పులు కుట్టేవారు, నేతగాళ్ళు, దర్జీలు, గడియారాలు బాగుచేసేవారు చేరారు. వారు కోరింది రెండే: వయసొచ్చిన ప్రతి మగవాడికీ ఓటు, ఏటేటా ఎన్నిక. మీ నేతపనివారి మాట ప్రత్యేకంగా చెప్పాలంటే, మాంచెస్టర్ నేతగాడికి ఊరి పేర సీటే లేదు. ప్రెస్టన్ నేతగాడికి మాత్రం ఓటు ఉండేది, ఎందుకంటే ఆ ఊళ్ళో మగవాళ్ళందరికీ ఓటు ఉన్నట్టు 1768లో పార్లమెంటే తేల్చింది. రెండు ఊళ్ళూ ఒకే కౌంటీలోవి.

ఫ్రాన్సులో రాజు తల తెగిన తరువాత పిట్ ప్రభుత్వానికి ఇలాంటి సంఘాలంటే వణుకు పుట్టింది. 1785లో సంస్కరణ కోరిన పిట్ ఇప్పుడు సంస్కరణవాదులను జైలుకు పంపాడు. 1793లో థామస్ మ్యూర్ అనే స్కాటిష్ న్యాయవాదికి పద్నాలుగేళ్ళ ద్వీపాంతరవాస శిక్ష పడింది. అదే ఏడాది మే నెలలో గ్రే తెచ్చిన సంస్కరణ తీర్మానం 282–41తో చిత్తయింది. 1794 మే 12న హార్డీని రాజద్రోహ నేరం మీద పట్టుకున్నారు. రెండు వారాలు తిరగకుండానే, విచారణ లేకుండా ఎవరినీ బంధించరాదన్న హెబియస్ కార్పస్ హక్కును పార్లమెంటు తాత్కాలికంగా నిలిపివేసింది. పద్మనాభంలో రాజు పడిపోయిన జూలై 10న హార్డీ లండను కోట జైలులో ఉన్నాడు. ఆగస్టులో అతని భార్య ప్రసవంలో చనిపోయింది. నవంబరు 5న పన్నెండు మంది జ్యూరీ అతణ్ణి నిర్దోషి అని విడిచిపెట్టింది; జనం బండికి కట్టిన గుర్రాలను విప్పి, తామే లాగుతూ అతణ్ణి లండను వీధుల్లో ఊరేగించారు. ఆ జ్యూరీ వ్యవస్థ పార్లమెంటు కంటే సామాన్యుడికి దగ్గరగా ఉండేదని నా అభిప్రాయం. పిట్ ఊరుకోలేదు: మరుసటి ఏడాది డిసెంబరులో యాభై మందికి మించిన సభలకు కళ్ళెం వేసే చట్టం తెచ్చాడు. అదే గ్రే ముసలితనంలో ప్రధాని అయి 1832లో సంస్కరణ చట్టం నెగ్గించాడు. ఓల్డ్ సారంతో కలిపి 56 బరోలు పూర్తిగా పోయాయి, మాంచెస్టర్‌కు ఇద్దరు సభ్యులు వచ్చారు. కాని హార్డీ వంటివారిలో చాలామందికి అప్పుడు కూడా ఓటు రాలేదు.

ప్రశ్న: మన జమీందారీలకు శాశ్వత శిస్తు నిర్ణయించింది పార్లమెంటు చట్టమేనా?
— రైతు, బొబ్బిలి

జవాబు: నేరుగా కాదు. శాశ్వత నియమాలు ఏర్పరచాలన్న మాట, పైన చెప్పినట్టు, 1784 చట్టంలో ఉంది. అమలు చేసింది మాత్రం మద్రాసు ప్రభుత్వం, 1802 నాటి 25వ రెగ్యులేషన్ ద్వారా. కామన్స్ సభలో దాని మీద చర్చ జరగలేదు. విజయనగరం జమీందారీ అప్పటికి విజయరామరాజు కుమారుడు నారాయణగజపతి పేర ఉంది. 24 పరగణాలు, 1,157 గ్రామాలకు ఏటా ఐదు లక్షల రూపాయల పేష్కష్ అని తేల్చి సన్నదు, అంటే హక్కు పత్రం, ఇచ్చారు. ఆ ఐదు లక్షలు రాబట్టడానికి రైతు మీద ఎంత వేయవచ్చునో ఆ సన్నదులో రాయలేదు.